వాల్వు పీకేస్తే కారు చల్లబడుతుందా?

వేసవి సెలవులు వచ్చాయంటే తిరుమల ఎక్కే ఘాట్ రోడ్డులో ఈ దృశ్యం మామూలే. మలుపు పక్కన కారు ఆగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటుంది. లోపలి నుంచి ఆవిరి బుసలు కొడుతూ లేస్తుంటుంది. ప్రయాణికులు చెట్టు నీడన నిలబడి గొణుక్కుంటుంటే, డ్రైవరు నీళ్ల సీసా చేతబట్టుకుని రేడియేటరు మూత తియ్యాలా వద్దా అని తటపటాయిస్తుంటాడు.

మర్నాడు ఆ బండి మెకానిక్ షెడ్డుకు చేరుతుంది. చాలా షెడ్లలో ఈ రోగానికి ఒకటే మందు. వాల్వు పీకెయ్యడం, ఫ్యాను డైరెక్టు చెయ్యడం. థర్మోస్టాట్‌నే మన పల్లెల్లో వాల్వు అంటారు. తిరుపతి చుట్టుపక్కల ఊళ్ల నుంచి యాత్రికులకు బాడుగకు తిరిగే పాత కార్లలో ఈ రెండు పనులూ చేయించుకున్నవి తరచు కనిపిస్తాయి. వాయిదాల మీద కారు కొన్నవాడికి సీజనులో ఒక్క రోజు బండి ఆగినా నష్టమే. అందుకని ఎవరేం చెబితే అది చేయిస్తాడు. తీరా వచ్చే వేసవికి హెడ్ వంగి, గాస్కెట్ పోయి, లేత్ పనికి వేలకు వేలు పోసినప్పుడు గాని అసలు సంగతి తెలియదు.

వాల్వు ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ఉండే తలుపు. దాని నడుమ చిన్న గొట్టంలో మైనం ఉంటుంది. నీళ్లు కాగినకొద్దీ మైనం కరిగి, ఉబ్బి, లోపలి కడ్డీని నెడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. దాని మీద 82 అనో, 88 అనో అంకె వేసి ఉంటుంది. అది తలుపు తెరుచుకోవడం మొదలుపెట్టే వేడి. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10, 12 డిగ్రీలు కావాలి.

పొరబాటు ఇక్కడే జరుగుతోంది. ఇంజను వేడి ఎంతకన్నా తగ్గకూడదో చూసేది వాల్వు. ఎంతకన్నా పెరగకూడదో చూసేవి రేడియేటరు, నీళ్ల పంపు, ఫ్యాను. కొండ మధ్యలో ముల్లు ఎరుపులోకి పోయిందంటే, బాగున్న వాల్వయితే అప్పటికే బార్లా తెరుచుకుని ఉంటుంది. తెరిచిన తలుపును ఊడబెరికితే గాలి పెద్దగా పెరుగుతుందా? 88 తీసి 82 వేసినా అంతే. ఇంజను కాస్త చల్లగా బయలుదేరుతుంది తప్ప నాలుగు మలుపులు తిరిగేసరికి అక్కడికే చేరుతుంది. వాల్వు మూసుకుపోయి ఇరుక్కుందేమోనని అనుమానముంటే, దాన్ని తీసి, గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి కాచి చూడవచ్చు. (జ్వరం చూసే థర్మామీటరు ఇందులో ముంచకూడదు. 42 డిగ్రీలు దాటితే అది పగులుతుంది.) నీళ్లు మరుగుతున్నా తెరుచుకోకపోతే కొత్తది వెయ్యాలి. దాని ఖరీదు వందల్లోనే.

పీకెయ్యడం వల్ల వచ్చే తంటాలు వెంటనే బయటపడవు. కొన్ని ఇంజన్లలో వాల్వు తెరుచుకున్నప్పుడు దాని అడుగు బిళ్ల పక్కదారిని మూస్తుంది. వాల్వే లేకపోతే ఆ దారి తెరిచే ఉండి, కాగిన నీళ్లలో కొన్ని రేడియేటరు ముఖం చూడకుండా మళ్లీ ఇంజనులోకే పోతాయి. చల్లబడాలని చేయించుకున్న పనితో బండి ఇంకా కాగుతుందన్నమాట. ఇక చలికాలం తెల్లవారుజామున బండి తీస్తే ఎన్ని కిలోమీటర్లు పోయినా ముల్లు లేవదు. ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కారులోని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిలు చెడుతుంది, ఇంజను లోపల అరుగుదల పెరుగుతుంది.

కొండ ఎక్కేటప్పుడు భారమంతా ఫ్యాను మీదే. మైదానంలో 60, 70 వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. కొండ మీద ఆరుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, రెండో గేరులో ముందు బస్సు వెనకాల పాకుతుంటే ఎదురుగాలి ఎక్కడిది? అంబాసిడర్ల కాలంలో ఫ్యాను ఇంజను బెల్టుతోనే తిరిగేది. గేరు తగ్గించి ఇంజను జోరు పెంచితే ఫ్యానూ జోరందుకునేది. ఇప్పటి కార్లలో కరెంటు ఫ్యాను. అది ఎప్పుడు తిరగాలో సెన్సారు చెప్పాలి.

సెన్సారు అంకె వాల్వు అంకెకు జతపడాలి. ఇంజను తలకాయ దగ్గర సెన్సారు ఉండే బండిలో వాల్వు 82ది అయితే ఫ్యాను 92, 95 మధ్య మొదలై 87 దగ్గర ఆగడం సబబు. 88 వాల్వుంటే ఆ అంకెలూ పైకి జరగాలి. అలా కాక 88 వాల్వున్న బండికి 85కే తిరిగే ఫ్యాను స్విచ్చి బిగిస్తే, వాల్వు వేడిని అంతకు దిగనివ్వదు గనక ఫ్యాను ఆగదు. బ్యాటరీకి, మోటారుకు దండగ. సెన్సారు రేడియేటరు అడుగున ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు పాత సెన్సారు మీది అంకె చూసి అదే వెయ్యాలి. కంప్యూటరే ఫ్యాను నడిపే కొత్త కార్లలో అసలు చెయ్యి పెట్టకపోవడమే మేలు.

డైరెక్టు స్విచ్చితో ఇంకో చిక్కు ఉంది. వెయ్యడం మరిచిపోయిన రోజున కాపాడేవాడు ఉండడు. ఫ్యాను 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. రిలే, ఫ్యూజు లేకుండా సన్నవైరుతో కలిపితే స్విచ్చి కరుగుతుంది, వైరు కాలుతుంది. ఫ్యాను విప్పి బిగించినప్పుడు వైర్లు అటూ ఇటూ మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది. చూడడానికి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాదు. ఫ్యాను రేడియేటరు వెనక ఉన్న బండిలో, అది తిరిగేటప్పుడు ముందు జాలీకి ఒక కాగితం ఆనిస్తే అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు తారుమారైనట్టే. కొన్ని పెద్ద డీజిలు బళ్లలో ఫ్యాను మధ్య నూనె క్లచ్చి ఉంటుంది. వేడెక్కిన ఇంజను ఆపిన వెంటనే చేత్తో తిప్పితే కాస్త బిగువుగా కదలాలి. బొంగరంలా తిరిగితే ఆ క్లచ్చి పని అయిపోయినట్టే.

వీటన్నిటికన్నా ముందు చూడవలసింది రేడియేటరు. కోతల కాలంలో పొలం దారుల్లో తిరిగిన బండికి వరిపొట్టు, పురుగులు రెక్కల నిండా ఇరుక్కుంటాయి. నీళ్ల పైపుతో లోపలి వైపు నుంచి బయటికి కొడితే పోతాయి. బోరునీళ్లు పోస్తే లోపల సున్నం కట్టి గొట్టాలు పూడతాయి. కూలెంటు, శుద్ధి చేసిన నీళ్లు సగం సగం కలిపి పోస్తే ఆ బెడద ఉండదు, మరిగే వేడి కూడా పెరుగుతుంది. మూతలోని స్ప్రింగు బిగువే ఆ వేడిని 120 డిగ్రీల దరిదాపులకు తీసుకుపోతుంది. మూత రబ్బరు పగిలితే నీళ్లు ముందే మరుగుతాయి.

ఇంత చేసినా కొండ మధ్యలో ముల్లు లేస్తుంటే, ముందు ఏసీ ఆపాలి. కారులో హీటరు ఉంటే పూర్తిగా తిప్పి అద్దాలు దించాలి. హీటరు కూడా ఓ చిన్న రేడియేటరే గనక ఇంజను వేడి కొంత అటు పోతుంది. వెనక సీటువాళ్లు తిట్టుకుంటారు, అది వేరే సంగతి. అయినా దిగకపోతే పక్కకు తీసి ఆపెయ్యాలి. మూత మీద మాత్రం అరగంట దాకా చెయ్యి వెయ్యకూడదు. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. ఒళ్లు చల్లారాక నీళ్లు పొయ్యవలసింది కూడా ఇంజను ఆడుతుండగా కొద్దికొద్దిగానే. కాగిన హెడ్‌లో ఒక్కసారిగా చన్నీళ్లు పడితే పగులుతుంది.