ఏకకాలమున నడచు ప్రోగ్రాములు – వాని నిరూపణము

ఒక ఖాతాలో 100 రూపాయలు నిలువ గలదనుకొందము. ఇద్దఱు గుమాస్తాలు ఒకే సమయమున అందు జమ వ్రాయబూనిరి. ఒకడు 50, మఱియొకడు 30 రూపాయలు జమకట్టవలయును. ఇరువురును ముందుగా నిలువ 100 అని చూచుకొనిరి. మొదటివాడు 150 అని వ్రాసెను. రెండవవాడు దానిని కొట్టివేసి 130 అని వ్రాసెను. 50 రూపాయలు మాయమయ్యెను. చిత్రమేమనగా, ఎవ్వరి కూడికయు తప్పు గాదు.

కంప్యూటరులో నొకే స్థానమును పలు ప్రోగ్రాములు ఏకకాలమున తాకునప్పుడు ఇట్టి చిక్కే కలుగును. 1985 మొదలు 1987 వఱకు అమెరికా, కెనడా దేశములలో థెరాక్-25 అను కిరణచికిత్సా యంత్రము ఆరుగురు రోగులపై మితిమీఱిన కిరణములను ప్రసరింపజేసెను, కొందఱు మరణించిరి. కారణములలో నొకటి యిది: యంత్రము సిద్ధమగుచుండగా పనివారు మీటలు వేగముగా నొక్కి మార్పులు చేసినచో, ప్రోగ్రాములో నొక భాగము ఆ మార్పును గమనింపకుండెను. నెమ్మదిగా మీటలు నొక్కువారికి ఆ దోషము కనబడనేలేదు.

పరీక్షించి చూచిన చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. పదేసి మెట్లు గల రెండు ప్రోగ్రాములు ఒకదానితో నొకటి పెనవైచుకొని నడువగల క్రమములు 1,84,756. ఇరువదేసి మెట్లైనచో 13,784 కోట్లకు మించును. నిజమైన ప్రోగ్రాములలో మెట్లు వేలకొలది. వాని క్రమములన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షించుట ఏ యంత్రమునకును సాధ్యము గాదు.

త్రిభుజమున మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములని మనము త్రిభుజములన్నిటిని కొలిచి తెలిసికొనలేదు గదా! ఉపపత్తి చేసితిమి. ప్రోగ్రాములకును అట్లే చేయవచ్చును. ఒక ప్రోగ్రాము ఉపపత్తిలోని ఏ వాక్యమును రెండవదాని ఏ మెట్టును చెఱుపదని చూపవలయునని 1976లో సుసాన్ ఒవిక్కి, డేవిడ్ గ్రీస్ అను పండితులు నియమము చేసిరి. మన ఖాతాపుస్తకమునకు తాళము పెట్టి, తాళపుచెవి గలవాడే దానిని ముట్టవలయునని యేర్పఱుతము. అప్పుడు “తాళపుచెవి ఎవ్వరి చేతను లేనప్పుడు నిలువ సరిగా నుండును” అను నొక్క వాక్యము ఎల్లప్పుడును నిలుచునని చూపిన చాలును. క్రమములను లెక్కింప బనిలేదు.

అయితే ఇట్టి ఉపపత్తులు వేల పంక్తులు సాగును, మనుష్యుడు ఏమఱును. అందుచేతనే ఫ్రాన్సు దేశమున 1984లో ఆరంభమైన కాక్ (2025 నుండి దీని పేరు రాక్) వంటి సాధనములు పుట్టినవి. ఉపపత్తి మార్గము మనుష్యుడే చూపును. యంత్రము, కఠినుడైన ఉపాధ్యాయుడు పలక దిద్దినట్లు, ప్రతి మెట్టును పరీక్షించి, కారణము చాలనిచో ముందునకు సాగనీయదు. 2016లో యేల్ విశ్వవిద్యాలయమువారు పలు ప్రాసెసర్లపై నొకేమారు నడచు సర్టికాస్ కెర్నెలును, సుమారు 6,500 పంక్తులదానిని, ఇట్లు నిరూపించిరి.

ఒక్క హెచ్చరిక. ప్రోగ్రాము మనము వ్రాసిన షరతులకు లోబడునని మాత్రమే ఉపపత్తి చూపును. నిలువ తప్పరాదని వ్రాసి, తాళపుచెవిని తిరిగి ఇయ్యవలయునని వ్రాయ మఱచినచో, ఒక గుమాస్తా దానితో ఇంటికి పోయినను ఉపపత్తి సరియే యగును. రెండవవాడు మాత్రము సాయంకాలము వఱకు అక్కడనే నిలుచుండును.