క్రైజౌ ఎస్టేటు - దాని యజమానులు

భూమి స్థిరము, దాని నేలువారు అస్థిరులు. ఈ సత్యమునకు నిదర్శనముగా సైలీషియా మండలమందలి క్రైజౌ అను ఎస్టేటు చరిత్రమును మన చదువరులకు సంగ్రహముగా దెలిపెదము.

సైలీషియా పూర్వము హాబ్స్‌బర్గు రాజుల యేలుబడిలో నుండెను. 18వ శతాబ్ద ప్రారంభమున జెడ్లిట్జు వంశపు ప్రభువులు క్రైజౌలో మేడ గట్టించిరి. 1742లో ఆ మండలమున నధికభాగము ప్రష్యా రాజున కధీనమయ్యెను.

1866లో ప్రష్యా సేనలు కోనిగ్‌గ్రేట్సు యుద్ధమున ఆస్ట్రియాను జయించెను. ఆ జయమునకు ముఖ్యకారకుడైన సేనాని హెల్ముట్ ఫాన్ మోల్ట్కేకు బహుమానముగా గొప్ప ధనమొసగబడెను. దానితో నతడు 1867లో క్రైజౌను గొనెను. పూర్వము మన రాజులు వీరులకు భూము లినాముగా నిచ్చుట యెట్టిదో, యిదియు నట్టిదే. మరుసటి యేడే అతని భార్య గతించెను; సంతానము లేదు. 1891లో నతడును మరణింపగా నెస్టేటు సోదరుని కుమారునకు సంక్రమించెను.

ప్రథమ మహాయుద్ధానంతరము ఎస్టేటు ఋణభారమున గ్రుంగెను. ఆ వంశపు యువకుడు హెల్ముట్ జేమ్స్, ఇరువది రెండు మూడేండ్ల ప్రాయముననే నిర్వహణభారము వహించి, కొంత భూమిని వదలుకొని, యప్పులు దీర్చి, మిగిలినదానిని నిలిపెను. కుటుంబము పెద్దమేడను విడిచి, కొండయిల్లు అను చిన్న గృహమున కాపురముండెను.

ఆ చిన్న యింటనే 1942లో రెండుమారులు, 1943లో నొకమారు కొందరు మిత్రులు రహస్యముగా సమావేశమైరి. వారిలో ప్రొటెస్టెంటులు, కథోలికులు, సామ్యవాదులును గలరు. హిట్లరు పతనానంతరము న్యాయమైన రాజ్యమును నిర్మించు టెట్లని వారాలోచించిరి. 1944 జనవరిలో హెల్ముట్ జేమ్స్ చెరపట్టబడెను. తన క్రైస్తవ విశ్వాసము నిమిత్తమే తాను శిక్షింపబడుచున్నట్లు అతడు భార్యయగు ఫ్రేయాకు వ్రాసెను. 1945 జనవరి 23న నతడు బెర్లినులో నురిదీయబడెను. అప్పటికి వయస్సు 37 ఏండ్లు. అతని లేఖలను ఫ్రేయా తేనెపట్టు పెట్టెలలో దాచి కాపాడెను.

ఆ యేడే యుద్ధము ముగిసి, సైలీషియా పోలండు పాలయ్యెను. ఫ్రేయా తన యిద్దరు కుమారులతో నిల్లు విడిచిపోయెను. లక్షలకొలది జర్మనులు వెడలగొట్టబడిరి. పోలండు తూర్పుభాగమున నిండ్లు గోల్పోయిన పోలులనేకులు వచ్చి యా గ్రామములలో స్థిరపడిరి. క్రైజౌ పేరు క్షిజోవా అయ్యెను. ఎస్టేటు ప్రభుత్వపు వ్యవసాయక్షేత్రము కాగా, కట్టడములు శిథిలములయ్యెను.

1989 నవంబరు 12న, బెర్లిను గోడ తెరువబడిన మూడవ దినమున, పోలండు ప్రధాని మజొవియెట్స్కీయు జర్మను ప్రధాని కోలును ఆ ముంగిట జరిగిన ఆరాధనలో సమాధానసూచకముగా నాలింగనము చేసికొనిరి. పిమ్మట నొక ధర్మసంస్థ ఎస్టేటును బాగుచేయించెను. 1998లో నచట అంతర్జాతీయ యువజన కేంద్రము తెరువబడెను.

యుద్ధజయమునకు బహుమానముగా లభించిన ధనముతో గొన్న భూమి యది. నేడు, పూర్వము పసులకొట్టములైన కట్టడములలో, నొకప్పటి శత్రుదేశముల బిడ్డలు కూడి భుజించి, కూడి నేర్చుకొనుచున్నారు. దానిని నిలుపుకొనుటకు శ్రమించిన హెల్ముట్ జేమ్సుకు అది దక్కలేదు. కాని యతడు కోరిన స్నేహము ఆ భూమికి దక్కినది.