డిగ్రీ ముందా... మద్రాసు ముందా?

డిగ్రీ పరీక్ష ఫీజు కట్టమని నాన్న ఇచ్చిన డబ్బుతో మద్రాసు రైలెక్కిన ప్రబుద్ధుణ్ణి నేను!

1981 నాటి మాట. నాన్న రైసుమిల్లులో గుమస్తా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. బి.కాం. ప్యాసై నేను బ్యాంకులో కూర్చుంటే చెల్లెలి పెళ్ళి, ఇంటి మీది అప్పు రెండూ గట్టెక్కుతాయని ఆయన లెక్క. నాటకాల పోటీల్లో రెండు కప్పులు కొట్టాను కాబట్టి, కోడంబాకంలో దిగడమే ఆలస్యం, హీరోనని నా లెక్క!

నాలుగు నెలలు తిరిగాను. ఏ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డా 'రేపు రండి' అన్నవాళ్ళేగాని, లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. ఒక సాయంత్రం గదికి వచ్చేసరికి చాప మీద నాన్న కూర్చుని ఉన్నారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు.

"సినిమా వద్దని నేనెప్పుడన్నానురా? నువ్వు అడిగితేగా!" అన్నారు.

నిజమే. నేను అడగనే లేదు.

బాలు దారి

అప్పటికే తెలుగువాళ్ళందరి నోటా నానుతున్న పేరు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథా విద్వాంసులు. సంగీతం ఇంట్లోనే ఉంది. అయినా కొడుకు ఇంజినీరు కావాలన్నదే ఆ తండ్రి కోరిక. బాలు అనంతపురంలో ఇంజినీరింగులో చేరారు. టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగిపోయింది. అయినా వదిలిపెట్టలేదు. మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ.కి చేరారు. ఒకపక్క చదువుతూనే పాటల పోటీల్లో పాడారు. ఆ గొంతు ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడింది. 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం తొలి పాట! తర్వాతి కథ మీకు నేను చెప్పాలా?

చూశారా, ఆయన చదువూ పాటా ఒకే ఊళ్ళో, ఒకే రోజుల్లో సాగాయి. ఒకదాని కోసం ఇంకొకదాన్ని తగలబెట్టలేదు.

మరి ఎన్.టి.ఆర్.? గుంటూరు ఎ.సి. కాలేజీలో బి.ఏ. చదివారు. 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, కొద్ది వారాలకే మానేశారు. 1949లో 'మనదేశం' వచ్చింది. చేతికొచ్చిన సర్కారు కొలువు వదులుకోవడం ఆ రోజుల్లో మాటలా? బ్రహ్మానందం సంగతి సరేసరి. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరరు గారే 1987లో 'అహ నా పెళ్ళంట'లో అరగుండుగా వచ్చి నవ్వించారు!

'అక్కినేని ఏ డిగ్రీ చదివారండీ?' అని మీరు అడగవచ్చు. నిజమే, ఆయన చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. కానీ గుడివాడ వెళ్ళి చూడండి. ఆయన విరాళమిచ్చిన కాలేజీ ఆయన పేరుతోనే ఉంది. చదువు విలువ అది దక్కనివాడికే బాగా తెలుసేమో!

అమ్మాయిల మాట

అబ్బాయి పారిపోతే 'తిరిగొస్తాడులే' అంటారు. అమ్మాయి సినిమా అని నోరెత్తితేనే తలుపులు మూసేసేవారు. అలాంటి కాలంలో, 1939లో, 'వరవిక్రయం'తో భానుమతి తెర మీదికి వచ్చారు. హీరో తమ అమ్మాయిని తాకకూడదని తండ్రి షరతు పెట్టారట! ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కాని ఆ షరతు మీదే ఆవిడ స్టూడియోలో అడుగు పెట్టారు. తర్వాత నటి, గాయని, రచయిత్రి, దర్శకురాలు, నిర్మాత... ఒక్క మనిషే ఇన్ని!

నా షరతు

నాన్న కూడా ఆ రాత్రి ఒక షరతు పెట్టారు. డిగ్రీ పూర్తి చెయ్యాలి. తర్వాత రెండేళ్ళు తన ఖర్చుతోనే మద్రాసు. ఆ రెండేళ్ళలో ఏమీ కాకపోతే మారు మాట్లాడకుండా ఉద్యోగం.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. నేను హీరోని కాలేదు. ఒకే ఒక్క సినిమాలో పెళ్ళివారి గుంపులో కనిపించాను, అదీ వీపు మాత్రమే! మూడో ఏడు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే పని దొరికింది. డిగ్రీ ఉంది కాబట్టే తీసుకున్నారు. ఆ పనిలోంచే ఈ రాతలు పుట్టాయి. చెల్లెలి పెళ్ళి మాత్రం నా మూలంగా మూడేళ్ళు వెనకబడింది. నా కల ఖరీదు ఆ అమ్మాయి కట్టింది. ఆ మాట తను ఇంతవరకు అనలేదు. నేను మరిచిపోలేదు.

ఇవాళ మద్రాసు స్థానంలో హైదరాబాదు కృష్ణానగర్ ఉంది. బి.కాం. స్థానంలో బి.టెక్. ఉంది. నాన్నల లెక్క మాత్రం మారలేదు, పిల్లల లెక్కా మారలేదు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రైలెక్కే ముందు ఒక్కసారి ఇంట్లో అడగండి. కాదంటే బేరమాడండి, గడువు అడగండి. ఎంత కఠినమైన షరతైనా ఫరవాలేదు. షరతు పెట్టారంటే తలుపు పూర్తిగా మూయలేదన్నమాటే!