సూరతు ప్రతులూ, పాలి ‘ఇధ’

‘పాలి చెడిన సంస్కృతం’ అనే మాట ఇంకా అక్కడక్కడా వినబడుతూనే ఉంది. ‘హస్త’ పాలిలో ‘హత్థ’గా, ‘సప్త’ ‘సత్త’గా ఉండడం చూసినవారికి అలా తోచడం సహజమే. ఆ తీర్పు నిలవదని చెప్పే సాక్ష్యాలలో ఒకటి సూరతు నుండి వెలుగులోకి వచ్చింది.

1758లో ఆంకెతీల్ దుపెరోన్ అనే ఫ్రెంచి యువకుడు సూరతు చేరాడు. అక్కడి పారశీ పురోహితుడు దస్తూర్ దారాబ్ వద్ద అవెస్తా గ్రంథాలను పారశీక భాష మాధ్యమంగా చదువుకున్నాడు. 1762లో ఆ ప్రతులను పారిస్ రాజగ్రంథాలయానికి అప్పగించి, 1771లో మూడు సంపుటాల అనువాదం ప్రకటించాడు. అది బూటకమని విలియం జోన్స్ ఎగతాళి చేశాడు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు మూలం ఒక్కటే కావచ్చునని, పాత పారశీకాన్నీ ఆ కుటుంబంలో చేర్చవచ్చునని 1786లో కలకత్తాలో ప్రసంగించినది ఆ జోన్సే. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన కోర్దూ పాద్రీ సంస్కృత, లాటిన్ పదాల పోలికలను 1767లోనే పారిస్‌కు వ్రాసి పంపాడు. అవి 1808 వరకు అచ్చు కాలేదు.

ఆంకెతీల్ అనువాదంలో దోషాలు లేకపోలేదు. అయితే ఆయన తెచ్చిన ప్రతులలో, పారశీ పండితుడు నెర్యోసంఘుడు యస్నకు చేసిన సంస్కృతానువాదం ఉంది. యూజీన్ బర్నూఫ్ దానిని ఆధారం చేసుకొని, 1833 నుండి ప్రకటించిన యస్న వ్యాఖ్యలో అవెస్తా పదాలను ఒక్కొక్కటిగా సంస్కృతంతో సరిపోల్చాడు. 1826లో పాలిపై వ్యాసం వెలువరించినదీ, 1844లో భారతీయ బౌద్ధ చరిత్రకు ఉపోద్ఘాతం వ్రాసినదీ ఈ బర్నూఫే.

పోలికలు క్రమం తప్పకుండా కనబడితేనే బంధుత్వం రుజువవుతుంది. అచ్చుకు ముందున్న సంస్కృత సకారానికి అవెస్తాలో హకారం వస్తుంది: సప్త–హప్త, సోమ–హఓమ, అసుర–అహుర. తకారానికి ముందు మాత్రం సకారం నిలిచి ఉంటుంది; ‘అస్తి’ రెండింటిలోనూ ‘అస్తి’యే. సంస్కృత ఘోష మహాప్రాణాలకు అవెస్తాలో సాధారణంగా అల్పప్రాణాలుంటాయి: భూమి–బూమి. సంస్కృత హకారానికి బదులు సాధారణంగా ఉర్దూ ‘జమీన్’లోని జకారం వినబడుతుంది: హస్త–జస్త, హిరణ్య–జరన్య.

ఇప్పుడు ‘ఇక్కడ’ అనే అర్థమున్న సంస్కృత ‘ఇహ’ను పరిశీలించాలి. పై నియమం ప్రకారం అవెస్తాలో జకారం రావలసింది. కాని అక్కడ ఉన్నది ‘ఇద’. అంటే ఆ హకారం పూర్వరూపం ధకారం. త్రిపిటకంలో అడుగడుగునా వినిపించే పాలి రూపం ‘ఇధ’. సంస్కృతం పోగొట్టుకున్న ధ్వనిని పాలి నిలుపుకున్నది. కనుక పాణిని సూత్రాలు వివరించిన సంస్కృతం నుండి పాలి ప్రతి రూపమూ దిగివచ్చిందనడం కుదరదు. వైదిక కాలపు మాండలికాలకు చెందిన పాతరూపాలు కొన్ని అందులో మిగిలాయి.

ఈ ఇండో-ఇరానియన్ శాఖకు గ్రీకు, ఇటాలిక్, జర్మానిక్, కెల్టిక్, బాల్టో-స్లావిక్, ఆర్మేనియన్, అల్బేనియన్ తోబుట్టువులు. అంతరించిన శాఖలలో హిట్టైటు భాష గల అనటోలియన్ ఒకటి. తరీం లోయలో దొరికిన బౌద్ధ గ్రంథాల వల్ల ప్రధానంగా తెలియవచ్చిన తొఖారియన్ మరొకటి.

తెలుగు ఈ కుటుంబానికి చెందదు. సూరతులో స్థిరపడిన తెలంగాణ పద్మశాలీల ఇళ్లలో వినబడే తెలుగు ద్రావిడ భాష. వీధిలో వినబడే గుజరాతీ ఇండో-ఆర్య భాష. ఒక్క ఊరిలో మసలినంత మాత్రాన, పదాలు ఇచ్చి పుచ్చుకున్నంత మాత్రాన భాషలు ఒక కుటుంబానివి కావు. శాసనాలు చదివేవారు తరచు పొరబడే చోటు ఇదే. అమరావతి, నాగార్జునకొండ ప్రాకృత శాసనాలు దానం, ధర్మం, సంఘం గురించిన వ్యవహార భాషను చూపుతాయే గాని, కృష్ణాతీరంలో ఇంటింటా ఆ భాషే మాట్లాడారని చెప్పవు. అమరావతిలో వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన ‘నాగబు’ను విడదీసి చూస్తే, ‘నాగ’ ఎరువు తెచ్చుకున్న మాట, చివరి ‘బు’ తెలుగు ప్రత్యయం.