స్థూలకాయము – మొక్కల సారములు

కేరళ రాష్ట్రమున చేపల పులుసులో చింతపండునకు మారుగా కుడంపులి యను పండు తొక్కను వాడుదురు. దానిని ఎండబెట్టి, పొగబెట్టి, నల్లబడిన పిదప నిలువ చేసికొందురు. మలబారు చింత యని పేరున్నను మన చింతచెట్టుతో దానికి చుట్టరికము లేదు. వంటయింటి వస్తువైన ఈ తొక్క నేడు సారముగా మారి, బిళ్లల రూపమున సీసాల కెక్కి, ఒంటి బరువును తగ్గించునని అమ్మబడుచున్నది. ఆ మాటలో నిజమెంత?

తొక్కలోని పులుపునకు ముఖ్య కారణము హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లమని 1965లో లూయిస్, నీలకంఠన్ అను పరిశోధకులు వెల్లడించిరి. అది నిమ్మపండులోని ఆమ్లమునకు దాయాది వంటిది. మనము తినిన పిండిపదార్థములు, చక్కెరలు అవసరమునకు మించినచో కాలేయము వానిలో కొంత భాగమును కొవ్వుగా మార్చును. ఈ పనికి తోడ్పడు ఎంజైము నొకదానిని కుడంపులి ఆమ్లము అడ్డగించునని 1969లో అమెరికాలో తేలినది. దీనిని తినిపింపగా ఎలుకలు తక్కువ తిని, తక్కువ బరువు పెరిగినవి. ఆశ పుట్టుటకు అంతమాత్రము చాలును.

మనుష్యుల సంగతి వేరుగా పరిణమించినది. 1998లో ప్రచురింపబడిన ఒక పరీక్షలో అధిక బరువు గల 135 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, అందరికిని ఒకే విధమైన మితాహారమును నియమించిరి. ఒక జట్టునకు దినమునకు 1,500 మిల్లీగ్రాముల ఆమ్లమును, రెండవ జట్టునకు చూపునకు అట్లే యుండు ఉత్త బిళ్లలను ఇచ్చిరి. ఎవరికి ఏది అందినదో వారికి తెలియనీయలేదు. 12 వారములకు మందు తినినవారు సగటున 3.2 కిలోలును, ఉత్త బిళ్లలు తినినవారు 4.1 కిలోలును తగ్గిరి. ఈ తేడా లెక్కింపదగినది కాదు. మందు వలన ప్రయోజనము కానరాలేదనుటయే దాని అర్థము. తరువాతి చిన్న పరీక్షలు కొన్నింట ఒక కిలో లోపు తగ్గుదల కనబడినను, కట్టుదిట్టముగా జరిపినవానిలో అదియు నిలువలేదు. మనము తిను నూనె, నెయ్యిలలోని కొవ్వు ఆ ఎంజైముతో పనిలేకయే దేహమున నిలువ చేరునను సంగతి నిచట మరువరాదు.

“మొక్క నుండి తీసినది గదా, హాని యేమి?” యని కొందరందురు. గన్నేరు కాయయు మొక్కదే! పులుసులో వేసిన రెండు తొక్కలకును, సీసాలోని గాఢమైన సారమునకును పోలిక లేదు. ఇట్టి బిళ్లలు వాడినవారిలో కొందరికి కాలేయము తీవ్రముగా దెబ్బతినిన సందర్భములు వైద్య గ్రంథములలో నమోదైనవి. పచ్చి తేయాకు విషయమును ఇంతే. కాచి త్రాగు తేనీటికి భయపడ నక్కరలేదు గాని, దాని సారమును బిళ్లలుగా అధిక మోతాదున తినినచో కాలేయమునకు ముప్పు కలుగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించినది.

గర్భిణులు, బాలింతలు, కాలేయవ్యాధి గలవారు వీని జోలికి పోరాదు. మధుమేహమునకు గాని, మరి యే ఇతర వ్యాధికి గాని మందులు వాడువారు వైద్యుని అడుగకుండ తినరాదు. ఇదివరకే వాడుచున్నవారికి కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగున వచ్చుట, వికారము, కుడి డొక్కలో నొప్పి కనబడినచో బిళ్లలను వెంటనే మాని, ఆ సీసాను చేతబట్టుకొని ఆసుపత్రికి వెళ్లవలెను. సీసా పైనున్న చీటీని చూచినగాని లోపల ఏమేమి కలిపిరో వైద్యునికి తెలియదు.