పండుగ వంట, పాచిన విషము

ఉగాది మరునాడు ఆస్పరి మండలములోని కైరుప్పలలో పిడకల సమరము జరుగును. ఊరు రెండు వర్గములై పిడకలు రువ్వుకొనును. తగిలిన దెబ్బ అందరికీ కనబడును. దానికి వెంటనే మందు వేయుదురు. కాని ఏ ఊరి జాతరలోనైనను మరునాడు ఇంటిల్లిపాదికి పట్టుకొను వాంతులు, విరేచనములు ఎవరి లెక్కకును రావు. ఎండదెబ్బ అనియో, దిష్టి అనియో సరిపెట్టుకొందురు.

బంధువులు వచ్చు ఇంట వంట తెల్లవారుజామున ముగియును. తినుట మధ్యాహ్నము, మిగిలినది రాత్రికి. తగిన వెచ్చదనములో సూక్ష్మజీవి సుమారు 20 నిమిషముల కొకసారి రెండగును. ఆ లెక్కన ఒక్కటి 7 గంటలలో 20 లక్షలు దాటును. 5 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వీనికి అనువైన వేడిమి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు చైత్రమాసపు ఎండ సరిగా ఈ నడుమనే యుండును.

మరల కాచిన సరిపోదా? అన్ని వేళల సరిపోదు. బియ్యములో నుండు బాసిల్లస్ సీరియస్ బీజములు అన్నము ఉడికినను చావవు. గోరువెచ్చని రాశిలో మొలకెత్తి విషము పుట్టించును. వంటవాని చేతిపుండు నుండి చేరు స్టాఫిలోకాకస్ విడిచిన విషము మరిగించినను విరుగదు. రుచియు వాసనయు మారవు. కావున మూత తీసి వాసన చూచి ‘బాగానే యున్నది’ అని తీర్మానించు పెద్దల మాట ఇచట చెల్లదు. అన్నము విడతలుగా వండి, 2 గంటలలో వడ్డించవలెను. పప్పు, మాంసపు కూర పొయ్యిమీద పొగలు గ్రక్కుచుండవలెను.

మన ఎండు జొన్నరొట్టెకు ఈ భయము తక్కువ. తడి లేనిచోట సూక్ష్మజీవి పెరుగజాలదు. దారిబత్తెముగా రొట్టె కట్టుకొన్న మన పూర్వులకు ఈ సంగతి అనుభవముచే తెలిసినదే.

పేడలో ఈ.కోలై, సాల్మొనెల్లా వంటివి యుండవచ్చును. పిడక ఎండినను అన్నియు నశించునని నమ్మరాదు. పేడ ముట్టిన చేతిని సబ్బుతో కడిగిన పిమ్మటనే పిండి కలుపవలెను.

నీటి సంగతి ఇంకను గట్టిది. 2021 ఏప్రిల్‌లో ఆదోని పట్టణమందును, పాణ్యం మండలములోని గోరుకల్లునందును అతిసారము వ్యాపించి ప్రాణనష్టము కలిగినది. గ్రామాధికారులు జాతరకు ముందు ట్యాంకు కడిగించి, 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు కలిపించి, గంట ఆగి నీరు వదలించవలెను.

కలుషితాహారము వలన ఏటా 60 కోట్లమంది జబ్బుపడుచున్నారనియు, 4 లక్షల 20 వేలమంది మరణించుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసినది. మృతులలో 1 లక్షా 25 వేలమంది అయిదేండ్లలోపు పిల్లలు. రైతుకు ఈ లెక్క మరింత దగ్గరగా తెలియును: మూడు దినములు మంచము పట్టిన కూలి పోవును, మందులకు అప్పు మిగులును.

విరేచనములు పట్టినవానికి నీరు మాన్పించుట మన యిండ్లలో ఇంకను పోని పొరపాటు. చంపునది నీరు తరుగుటయే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు సమతలముగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగించుచుండవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరికిన అదియే మేలు. పసిబిడ్డకు చనుబాలు మాన్పరాదు. మలములో రక్తము పడినను, మూత్రము ఆగినను, కండ్లు లోతుకు పోయినను 108 వాహనమును పిలువవలెను. ఒకే పంక్తిలో తిన్నవారు ఇద్దరు ముగ్గురు పడిపోయినచో, మిగిలిన వంట పారబోయక మూతపెట్టి, ఎవరును తినకుండ విడిగా నుంచి, ఆశా కార్యకర్తకు ఆ గంటలోనే కబురంపవలెను.