ఓటుకూ తీర్పుకూ మధ్య

అమెరికా రాజ్యాంగం ప్రజల పేరుతోనే మొదలవుతుంది. మాటను నమ్మే ముందు దాని అర్థాన్ని విచారించడం విమర్శకుని పని గనుక, ఆ ప్రజలెవరో చూద్దామంటాను.

1787లో దాన్ని రాసినవారు ప్రాతినిధ్యపు లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురుగా కట్టారు. ఆ బానిసలకు ఓటు లేదు. అయినా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్యకు ఆ లెక్కే ఆధారమై, దక్షిణాది యజమానుల బలం పెంచింది. 1865లో బానిసత్వం రద్దయింది. ఎలక్టర్ల పద్ధతి మిగిలింది.

నేడు ఎలక్టర్లు 538 మంది. 270 మంది మద్దతుంటే గెలుపు. రెండు రాష్ట్రాల్లో తప్ప, రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికే అక్కడి ఎలక్టర్లందరూ దక్కుతారు. కనుకనే 2016లో దేశం మొత్తంమీద ప్రత్యర్థికంటే సుమారు 28 లక్షల ఓట్లు తక్కువ వచ్చినా ట్రంప్ గెలిచాడు.

సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమంది. అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, పదవి జీవితాంతం. ఆ నాలుగేళ్ళలో ట్రంప్ ముగ్గురిని నియమించాడు. గర్భస్రావం విషయంలో 1973 నుంచి స్త్రీలకున్న రాజ్యాంగ హక్కును 2022లో రద్దుచేసిన ఐదుగురిలో ఆ ముగ్గురూ ఉన్నారు.

రాజ్యాన్ని గురించి రాసేవాళ్ళం పాత్రల మంచిచెడ్డల దగ్గరే ఆగిపోతున్నాం. పాలకుణ్ణి దుర్మార్గుడిగా చిత్రించడం తేలిక. అతణ్ణి గద్దెనెక్కించిన ఏర్పాటును కూడా చూపినప్పుడే మన రచన వాస్తవికమవుతుందని నా అభిప్రాయం.